గోడ మీద మచ్చ చూసి టార్చి కొనకండి

ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దున ఉన్న మా పర్లాకిమిడి బజారులో టార్చిలైటు అమ్మే పద్ధతి ఒకటే. దుకాణదారు రెండు టార్చీలు చేతిలోకి తీసుకుని, పట్టపగలు కూడా చీకటిగా ఉండే వెనక గది వైపు తిప్పి, గోడ మీద కొట్టి చూపిస్తాడు. ఒకదాని వెలుగు తెల్లగా, కళ్లు చెదిరేలా, రూపాయి బిళ్లంత మచ్చగా నిలుస్తుంది. రెండోదాని వెలుగు పళ్లెమంత పరుచుకుని పలచగా కనిపిస్తుంది. "ఏది బాగుందో మీరే చెప్పండి మాస్టారూ" అంటాడు. నాతో తెలుగులో అన్న ఈ మాటనే పక్కనున్నాయనతో ఒడియాలో, కొండ దిగి సంతకు వచ్చిన రైతుతో వచ్చీరాని సవరలో అంటాడు. భాష మారుతుంది గానీ గోడ మారదు. ముగ్గురమూ రూపాయి బిళ్ల వైపే వేలు చూపిస్తాం.

నేను అలా మూడుసార్లు వేలు చూపించి మూడు టార్చీలు కొన్నాను. ఒకటి ఇప్పుడు మనవడి బొమ్మల పెట్టెలో ఉంది. ఇంకొకటి వానలో తడిసి పోయింది. మూడోదాన్ని ఎందుకు కొన్నానో నాకే తెలియదు. తర్వాతే టార్చి అట్ట మీద రాసే అంకెల సంగతి కూర్చుని తెలుసుకున్నాను. ఇక్కడ రాస్తున్నది గుప్పిట్లోనో జేబులోనో ఇమిడే చిన్న టార్చీల గురించి మాత్రమే. భుజాన వేసుకుని తిరిగే పెద్ద లైట్ల జోలికి పోవడం లేదు.

ఎంత వెలుగు, ఎక్కడ వెలుగు

పొలంలో మోటారు పైపు మూతికి బొటనవేలు అడ్డం పెడితే నీళ్లు దూరంగా చిమ్ముతాయి. అంతమాత్రాన మోటారు ఎక్కువ నీళ్లు తోడుతున్నట్టు కాదు కదా. టార్చిలోనూ అంతే. అద్దం దాటి బయటికి వచ్చే మొత్తం వెలుగును ల్యూమెన్లలో కొలుస్తారు. అది పైపులోంచి వచ్చే నీటి మొత్తం. ఆ వెలుగు ఒక దిక్కుకు ఎంత బిగువుగా పోతోందన్నది కాండెలా. అది బొటనవేలి పని. చివరికి నేల మీదో గోడ మీదో పడినదాన్ని లక్స్‌లో చెబుతారు; చదరపు మీటరు మేర ఒక్క ల్యూమెన్ సమంగా పరుచుకుంటే ఒక లక్స్.

దుకాణంలో గోడ మీద మనం చూసింది కాండెలా మాత్రమే. వంద ల్యూమెన్ల టార్చి కూడా లోతైన రిఫ్లెక్టరు, అంటే బల్బు చుట్టూ ఉండే మెరిసే గిన్నె, ఉంటే నాలుగు వందల ల్యూమెన్ల వెడల్పు టార్చిని గోడ మీద ఓడించగలదు. మా నాన్నగారి రెండు సెల్లుల ఇత్తడి టార్చి బల్బు ఇచ్చేది మహా అయితే పదిహేను, ఇరవై ల్యూమెన్లు. అయినా చెరువు గట్టు అవతలి తాటిచెట్టు కనిపించేదని ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటాం. అది అబద్ధం కాదు, రిఫ్లెక్టరు మహిమ. కానీ ఆ టార్చి పట్టుకుని నడిచేటప్పుడు కాళ్ల దగ్గర ఏముందో కనిపించేది కాదు. ఆ మాట మాత్రం ఎవరూ చెప్పుకోరు.

కంటి మోసం ఒకటి కూడా కలుస్తుంది. వెలుగు రెట్టింపయితే కంటికి రెట్టింపుగా అనిపించదు. రెట్టింపుగా తోచాలంటే సుమారు నాలుగింతలు కావాలి. కాబట్టి 500, 600 ల్యూమెన్ల మధ్య తేడా కోసం డబ్బు పెట్టడం దండగ. చేతికి వచ్చాక మీరు ఆ తేడాను గుర్తుపట్టలేరు. 100, 400 మధ్య తేడా అయితే తెలుస్తుంది.

అట్ట మీది అంకె

పదివేల ల్యూమెన్లు, యాభై వేల ల్యూమెన్లు అని అట్టపెట్టె మీద రాసిన గుప్పెడంత టార్చీలు ఇప్పుడు ప్రతి సంతలోనూ ఉన్నాయి. వాటిని తిట్టుకోవడం కన్నా ఒక చిన్న భాగహారం నేర్చుకోవడం మేలు. ఇప్పటి మంచి ఎల్ఈడీ టార్చి ఒక వాటు కరెంటుకు సుమారు వంద ల్యూమెన్లు ఇస్తుంది. అంటే ల్యూమెన్లను వందతో భాగిస్తే వాట్లు వస్తాయి. పదివేల ల్యూమెన్లకు వంద వాట్లు కావాలి. ఆ టార్చిలో ఉండేది ఒక్క 18650 సెల్లు, అంటే 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడవు ఉండే లిథియం సెల్లు. 3.6 వోల్టుల దగ్గర 3000 మిల్లీయాంపియర్ అవర్లు, అంటే 3 యాంపియర్ అవర్లు, ఉన్నదైతే రెండూ గుణిస్తే దానిలో దాచగలిగే శక్తి 10.8 వాట్ అవర్లు; ఒక వాటు చొప్పున వాడితే 10.8 గంటలు. వంద వాట్లు లాగితే ఆరున్నర నిమిషాల్లో ఖాళీ. అంతకన్నా ముందే టార్చి చేతిలో పట్టుకోలేనంత కాలుతుంది. అంటే ఆ అంకె అబద్ధం. ఇది తేల్చడానికి ఏ పరికరమూ అక్కర్లేదు.

వేడి మాట వచ్చింది కాబట్టి ఇంకొక లెక్క. చిన్న లోహపు గొట్టం గాలిలోకి వదలగలిగే వేడికి హద్దుంది. ఏఏ సెల్లు, అంటే పెన్సిల్ సెల్లు, ఒక్కటి పట్టే బొటనవేలంత టార్చి నిలకడగా ఇవ్వగలిగేది నూట యాభై, రెండు వందల ల్యూమెన్లు. 18650 పట్టే అరచేతి పొడవు టార్చి నిలకడగా నాలుగు, ఐదు వందల వరకు మోయగలదు. మంచి కంపెనీలు వెయ్యి అని రాస్తే అది నిజమే కావచ్చు, కానీ మొదటి రెండు మూడు నిమిషాలకు మాత్రమే. తర్వాత లోపలి సర్క్యూట్ తనను తాను కాపాడుకోవడానికి వెలుగు తగ్గిస్తుంది. అది లోపం కాదు, బుద్ధి.

నిజాయితీగా రాసే కంపెనీల అట్టల మీద ఏఎన్ఎస్ఐ ఎఫ్ఎల్1 అనే ముద్ర ఉంటుంది. ఇది 2009లో అమెరికాలో టార్చీల కోసం పెట్టుకున్న కొలత పద్ధతి. దాని ప్రకారం ల్యూమెన్లను వెలిగించిన వెంటనే కాకుండా అర నిమిషం గడిచాక, రెండు నిమిషాల లోపు కొలవాలి. సెల్లు ఎన్ని గంటలు వస్తుందన్నది వెలుగు మొదటి దానిలో పదో వంతుకు పడిపోయేవరకు లెక్కిస్తారు. ఇక్కడ ఒక మెలిక ఉంది. 500 ల్యూమెన్లు, 8 గంటలు అని పక్కపక్కనే రాసి ఉంటే, ఎనిమిది గంటలూ 500 వస్తాయని అర్థం కాదు. అయిదు నిమిషాలు 500 ఇచ్చి, మిగిలిన పొద్దంతా 60 దగ్గర కూర్చున్నా ఆ ముద్ర ప్రకారం అది తప్పు కాదు. వెలుగు ఎప్పుడు ఎంత పడిపోతుందో గీత గీసి చూపించే కంపెనీ ఉంటే, ఆ గీతను చదవండి. అంకె కన్నా గీతే నిజం చెబుతుంది.

దూరం సంగతీ అంతే. ఎఫ్ఎల్1 లెక్కలో టార్చి దూరం అంటే దాని వెలుగు పావు లక్స్‌కు తగ్గే చోటు. పావు లక్స్ అంటే నిండు పున్నమి వెన్నెల. వెన్నెల్లో నూటయాభై మీటర్ల అవతల ఉన్నది ఎద్దో ఎలుగుబంటో మీరు చెప్పగలరా? నేను చెప్పలేను. అందుకే అట్ట మీద మీటర్లను సగం చేసుకుంటాను. సగం దూరంలో వెలుగు నాలుగు రెట్లు, అంటే ఒక లక్స్ ఉంటుంది. ఏదో ఒక ఆకారాన్ని పోల్చుకోవడానికి అది కనీసం.

స్నానాలగదిలో పరీక్ష

పైకప్పుకు కొట్టి కొలవడం పాత చిట్కా. గోడలకు తెల్ల సున్నం వేసిన చిన్న గది కావాలి. మా ఇంట్లో అది స్నానాలగది. రాత్రి లైటు ఆపి, తలుపు మూసి, ఆండ్రాయిడ్ ఫోనులో లక్స్ చూపించే ఉచిత యాప్ ఒకటి తెరిచి, ఫోనును ముఖం పైకి ఉండేలా నేల మీద పెడతాను. వెలుగును గుర్తించే కన్ను ఫోను ముందువైపు, చెవికి ఆనించే చోటు దగ్గర ఉంటుంది. టార్చిని పక్కనే నిలువుగా నిలబెట్టి పైకప్పుకు కొడతాను. వెలుగు పైకప్పు నుంచి గోడలకు, గోడల నుంచి నేలకు తిరిగి తిరిగి చివరికి గది అంతా సమంగా పరుచుకుంటుంది కాబట్టి మచ్చ ఇరుకైనా వెడల్పయినా ఫోను చూసేది మొత్తం వెలుగునే. దుకాణం గోడ దాచిపెట్టిన సంగతి ఇక్కడ బయటపడుతుంది. ఫోను నేరుగా టార్చిని చూడకూడదు, అంతే. ప్రతిసారీ ఒకే చోట పెట్టడం, మీరు తలుపు బయట నిలబడటం ముఖ్యం. నల్ల చొక్కా వేసుకుని పక్కన నిలబడితే మనమే వెలుగు మింగేస్తాం.

ఫోను చూపించే అంకెకు తనంతట తాను అర్థం లేదు. అంకె నమ్మదగిన టార్చి ఒకటి తెచ్చుకుని, దాంతో పోల్చాలి. నా దగ్గర మూడు వందల ల్యూమెన్లని నమ్మకంగా చెప్పగల టార్చి ఉంది. అది మా స్నానాలగదిలో 20 లక్స్ చూపించింది. అంటే మా ఇంట్లో ఒక లక్స్‌కు పదిహేను ల్యూమెన్లు. మీ ఇంట్లో వేరేగా ఉంటుంది. ఇక మిగతావన్నీ వరసగా పెట్టాను. ఫోను వెనక లైటుకు 3 వచ్చింది, అంటే నలభై అయిదు ల్యూమెన్ల దాకా. నాన్నగారి ఇత్తడి టార్చికి 1 వచ్చింది, అది కూడా సందేహంగా. సంతలో కొన్న "పదివేల ల్యూమెన్ల" టార్చికి 27 వచ్చింది. దాదాపు నాలుగు వందలు. నిజానికి నాలుగు వందలు తక్కువేమీ కాదు! అట్ట మీద 400 అని రాసినా నేను కొనేవాణ్ణి.

దాన్ని అలాగే వెలగనిచ్చి, టీ తాగి పది నిమిషాల తర్వాత వచ్చి చూశాను. 11 ఉంది. మొదట్లో 10 చూపించిన ఏఏ సెల్లు టార్చి అదే సమయానికి 9 దగ్గర నిలిచింది. పది నిమిషాల తర్వాత రెండింటి మధ్య మిగిలిన తేడా కంటికి ఆనదు. ఒకటి జేబును కిందికి లాగేంత బరువు, ఇంకొకటి చొక్కా జేబులో పెన్నులా కూర్చుంటుంది. మొదటి క్షణం వెలుగుకు కాకుండా పదో నిమిషం వెలుగుకు డబ్బు పెట్టాలన్నది ఆ రాత్రి నాకు తేలిన సంగతి.

ముందుకు లాగితే మచ్చ చిన్నదయ్యే జూమ్ టార్చీల గుట్టు కూడా ఇక్కడే తెలిసింది. వెడల్పుగా ఉన్నప్పుడు 12 చూపించినది, లాగగానే 5కు పడిపోయింది. లెన్సును ఎల్ఈడీకి దూరంగా జరిపినప్పుడు పక్కలకు పోయే వెలుగు గొట్టం లోపలి గోడకే తగిలి వృథా అవుతుంది. గోడ మీద చతురస్రంగా కనిపించే ఆ మచ్చ నిజానికి ఎల్ఈడీ బొమ్మే. కొనేవాళ్లను బాగా ఆకట్టుకునేది అదే, సగానికి పైగా వెలుగును లోపలే పారేసేదీ అదే. పైగా జారే భాగం ఉన్న చోట నీళ్లు దిగకుండా ఆపడం కష్టం. నా వానలో పోయిన టార్చి ఈ జాతిదే.

దూరం కొలవాలంటే పొడవాటి వరండా చాలు. అయిదు మీటర్ల దూరంలో ఫోను పెట్టి, మచ్చ నడిబొడ్డు దాని మీద పడేలా కొట్టి, వచ్చిన లక్స్‌ను 25తో గుణిస్తే కాండెలా వస్తుంది. దాని వర్గమూలాన్ని రెట్టింపు చేస్తే అట్ట మీద రాసే మీటర్లు. అక్కడ 100 లక్స్ వస్తే 2500 కాండెలా, నూరు మీటర్లు. 400 లక్స్ వస్తే పదివేల కాండెలా, రెండు వందల మీటర్లు. దూరం రెట్టింపు కావడానికి కాండెలా నాలుగింతలు కావాలని ఇందులోనే కనిపిస్తుంది.

ఎవరికి ఏది

మా పెద్దమ్మకు డెబ్బై దాటాయి. ఇల్లు పాతపట్నం వైపు, రాష్ట్రం హద్దుకు అవతల. రాత్రి పెరట్లోకి వెళ్లాలంటే నాలుగు మెట్లు, ఒక కట్టెల మోపు, దాని పక్కన బావి దాటాలి. వానాకాలంలో మా ప్రాంతంలో భయపడాల్సింది కట్లపాముకు. రాత్రిపూటే తిరుగుతుంది, ఇళ్లలోకి వస్తుంది, కరిచినా నొప్పి పెద్దగా తెలియదు. ఆమెకు కావలసింది రెండు మీటర్ల ముందు నేల, ఎడమా కుడీ కలిపి. లెక్క వేస్తే, మూడు మీటర్ల వెడల్పు గుండ్రం ఏడు చదరపు మీటర్లు. నూరు ల్యూమెన్లు అందులో సమంగా పడితే 14 లక్స్, అంటే పున్నమి వెన్నెలకు యాభై రెట్లకు పైగా. నూరు చాలు. కానీ అవి వెడల్పుగా పడాలి. రూపాయి బిళ్ల మచ్చతో పెరట్లో నడవడమంటే చీపురుపుల్లతో ఇల్లు ఊడ్చినట్టు. ఆమెకు ఒక ఏఏ సెల్లు పట్టే, ఒకే బొత్తాం ఉన్న, లోపల రిఫ్లెక్టరు గరుకుగా నారింజ తొక్కలా ఉన్న టార్చి కొనిచ్చాను. ఆ గరుకుదనం మచ్చ అంచును మెత్తబరుస్తుంది.

మా బావమరిది సంగతి వేరు. గజపతి జిల్లా కొండల అంచున జీడితోట. జీడిపళ్ల కాలంలో ఎలుగుబంట్లు దిగుతాయి. రాత్రి కాపలాకు వెళ్లేవాళ్లు తోట ఆ చివర ఏదైనా కదులుతోందా అని దూరం నుంచే తెలుసుకోవాలి. అతనికి నూరు మీటర్ల అవతల ఒక లక్స్ పడాలంటే పదివేల కాండెలా కావాలి, అంటే అట్ట మీద రెండు వందల మీటర్లని రాసి ఉన్నది. నున్నటి, లోతైన రిఫ్లెక్టరు ఉన్న 18650 టార్చి మూడు నాలుగు వందల ల్యూమెన్లతోనే ఆ పని చేస్తుంది. ఎలుగుబంటి కళ్లు వెలుగును తిప్పికొడతాయి కాబట్టి ఆకారం కన్నా ముందు రెండు మెరిసే చుక్కలు కనిపిస్తాయి. అవి కనిపిస్తే వెనక్కి తిరగడానికి, మనుషుల్ని పిలవడానికి టార్చి పనికొస్తుంది. అంతేగాని అది ఆయుధం కాదు. ఏనుగుల విషయంలో అయితే అసలే వద్దు. తోటకు ఒంటరిగా వెళ్లేవాడికి ఎంత పెద్ద టార్చి అయినా నేను సిఫారసు చేయను. నలుగురు గట్టిగా మాట్లాడుకుంటూ వెళ్లడం దానికన్నా నయం.

అతని టార్చి ఇచ్చి పెద్దమ్మను పెరట్లోకి పంపితే కాళ్ల దగ్గర చీకటే. పెద్దమ్మ టార్చితో అతను తోటకు వెళితే ముప్పై మీటర్ల అవతల ఏమీ కనిపించదు. రెండు పనులకూ ఒకటే కావాలంటే మధ్యస్తంగా, నడిమి మచ్చ చుట్టూ పలచటి వెలుగు బాగా పరుచుకునే 18650 గొట్టం టార్చి తీసుకోండి. కాన్వాయ్ ఎస్2 ప్లస్ ఆ కోవలో పేరున్నది. ఏఏ వైపు సోఫిర్న్ ఎస్పీ10 ప్రో ఉంది. ఫీనిక్స్, ఓలైట్ కంపెనీలవి ఖరీదెక్కువ. ఇవేవీ మా బజారులో దొరకవు, తెప్పించుకోవాలి. ధరలు మారుతూ ఉంటాయి కాబట్టి రాయడం లేదు.

శివరాత్రికి మహేంద్రగిరి ఎక్కేవాళ్లకు ఒక మాట. కొండ 1501 మీటర్లు. పైన చలి, ఒక్కోసారి పొగమంచు. పొగమంచులో ఎక్కువ ల్యూమెన్లు శత్రువులు. ప్రతి మంచు తుంపరా వెలుగును మన కళ్లలోకే తిప్పికొడుతుంది, ఎదురుగా తెల్ల గోడ లేచినట్టు ఉంటుంది. టార్చిని కంటి దగ్గర కాకుండా నడుము దగ్గర పట్టుకుని, తక్కువ వెలుగులో, కిందికి కొట్టండి. తలకు కట్టుకునే లైటు మంచులో ఇందుకే ఇబ్బంది పెడుతుంది. మంచు లేనప్పుడు మాత్రం రెండు చేతులూ ఖాళీగా ఉంచేది అదొక్కటే. ఇంకొకటి, కళ్లు చీకటికి పూర్తిగా అలవాటు పడటానికి అరగంట దాకా పడుతుంది, వెయ్యి ల్యూమెన్లు ఒక్కసారి మొహాన పడితే ఆ అలవాటు క్షణంలో పోతుంది. ఎదురొచ్చేవాళ్ల కళ్లూ మన కళ్లలాంటివే.

సెల్లు ముందు, టార్చి తర్వాత

2018 అక్టోబరు 11 తెల్లవారకముందు తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఆ గాలి, తర్వాతి వానలు గజపతి జిల్లాను ఎలా ఊపేశాయో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. కరెంటు స్తంభాలు వరసకు వరస పడిపోయాయి. మా వీధిలో గోడకు గుచ్చి చార్జి చేసుకునే లైట్లు ఇంటికి రెండు ఉండేవి. రెండో రోజు సాయంత్రానికి అన్నీ గుడ్డివైపోయాయి. వెలిగినవి సెల్లులు వేసే టార్చీలు, కిరసనాయిలు దీపాలు. కిరాణా కొట్టులో ఏఏ సెల్లులు ఉన్నంతసేపు మా ఇంట్లో వెలుగుంది. నాకు అప్పటినుంచి టార్చి ఎంపికంటే ముందు సెల్లు ఎంపికే.

ఏఏ సెల్లు కొండ మీద చిన్న కొట్టులో కూడా దొరుకుతుంది, దాని బలం అదే. బలహీనత శక్తి తక్కువ కావడం. చార్జి చేసుకునే నికెల్ ఏఏ సెల్లు 1.2 వోల్టులు, రెండు వేల మిల్లీయాంపియర్ అవర్లు. కలిపితే 2.4 వాట్ అవర్లు. నూరు ల్యూమెన్లకు ఒక వాటు చొప్పున రెండు గంటలు, కాస్త అటూఇటూ. 18650 అదే వెలుగు పది గంటలు ఇస్తుంది. నాలుగు రెట్లకు పైగా తేడా. మామూలు రోజుల్లో 18650 గెలుస్తుంది. తుపాను రోజుల్లో, పవర్ బ్యాంకు నిండుగా ఉండి, టార్చికి టైప్ సీ రంధ్రం ఉంటేనే గెలుస్తుంది. నేను చివరికి రెండూ ఉంచుకున్నాను. రోజువారీ ఏఏ టార్చిలో నికెల్ సెల్లు, బీరువాలో అట్ట విప్పని ఆల్కలైన్ సెల్లులు నాలుగు, బావమరిది దగ్గర 18650.

ఆల్కలైన్ సెల్లులను టార్చిలో పెట్టి మరిచిపోకండి. కొన్నాళ్లకు కారి స్ప్రింగు మీద తెల్ల పొడి కడుతుంది. అది క్షారం కాబట్టి దూదితో కాస్త నిమ్మరసం అద్ది తుడిస్తే వదులుతుంది. చవక జింక్ సెల్లు కారితే అది ఆమ్లం వైపు, దానికి నిమ్మరసం కాదు, తినే సోడా కావాలి. చవక జింక్ సెల్లుకు ఇంకో గుణం ఉంది. ఎక్కువ కరెంటు లాగే ఎల్ఈడీ టార్చిలో వేస్తే పావుగంటలోనే నీరసపడుతుంది. గడియారానికి, రిమోట్‌కు అది సరిపోతుంది. టార్చికి వద్దు.

చూడటానికి ఏఏ సెల్లులాగే ఉండే 14500 అనే లిథియం సెల్లు వస్తోంది. నిండా చార్జి అయినప్పుడు 4.2 వోల్టులు. రెండూ వేయవచ్చని టార్చి కంపెనీ రాస్తేనే వేయండి. లేకపోతే ఒక్క నిమిషం దేదీప్యమానంగా వెలిగి శాశ్వతంగా ఆరిపోతుంది. టీవీ రిమోట్‌లో వేస్తే రిమోట్ పోతుంది.

18650 కొనేటప్పుడు 9900 మిల్లీయాంపియర్ అవర్లని రాసి ఉంటే అక్కడే పెట్టేసి రండి. ఈ సైజులో మంచి సెల్లులు ఎక్కువగా 3500 దగ్గరే ఆగుతాయి. తూచినా తెలిసిపోతుంది: అసలైనది నలభై అయిదు గ్రాముల చుట్టూ ఉంటుంది. బజారులో నగల కొట్టు తెలిసినాయన ఉంటే ఒకసారి త్రాసు మీద పెట్టించండి. మా ఊళ్లో నేను అలాగే చేయించాను. ముప్పై గ్రాములు కూడా తూగలేదు. విడి లిథియం సెల్లును తాళాలున్న జేబులో వేసుకోవద్దు. లోహం రెండు కొనలకూ తగిలితే బట్టలే కాలతాయి.

రంగు, మిగతావి

ఎల్ఈడీ వెలుగు రంగును కెల్విన్లలో రాస్తారు. చవక టార్చీలన్నీ 6500 కెల్విన్ల చుట్టూ, నీలం ఛాయ తెలుపు. అది గోడ మీద ప్రకాశవంతంగా కనిపిస్తుంది, అందుకే దుకాణాలకు ఇష్టం. ఎండుటాకుల మీద, ఎర్రమట్టి మీద మాత్రం అన్నిటినీ ఒకే బూడిదరంగులో కలిపేస్తుంది. 4000, 5000 కెల్విన్ల మధ్యది, రంగులు నిజంగా చూపించే గుణం (అట్ట మీద సీఆర్ఐ అని ఉంటుంది) నూటికి తొంభై దాటినది అయితే ఆకు ఆకులా, చర్మం చర్మంలా కనిపిస్తాయి. అలాంటి ఎల్ఈడీ అదే కరెంటుకు కొంచెం తక్కువ ల్యూమెన్లిస్తుంది, ఎంతో కొంత నష్టం తప్పదు. పాము కోసం నేల చూసేవాడికి ఆ నష్టం లాభమే. జపాన్ కంపెనీ నిచియా చేసే 519ఏ అనే ఎల్ఈడీ ఈ విషయంలో పేరుపడింది. తెల్ల ఎల్ఈడీకి మూలమైన నీలం ఎల్ఈడీని వెలుగులోకి తెచ్చినవాళ్లలో ఒకరైన షూజీ నకమురా అప్పట్లో ఆ కంపెనీలోనే పనిచేశాడు. ఆ పనికి 2014లో ముగ్గురికి నోబెల్ బహుమతి వచ్చింది, అందులో ఆయనొకడు. సంతలో వంద రూపాయలకు అమ్మే తెల్ల టార్చి వెనక ఇంత కథ ఉందని దుకాణాయనకు చెబితే "అయితే ధర పెంచవచ్చన్నమాట" అన్నాడు.

నీళ్ల విషయంలో ఐపీఎక్స్4 అంటే చిందులకు ఆగుతుంది, ఐపీఎక్స్7 అంటే మీటరు లోతు నీటిలో అరగంట ఆగుతుంది. మహేంద్రతనయ నది దాటి రాకపోకలు చేసేవాళ్లు 7 తీసుకోండి. బొత్తాం నొక్కిన ప్రతిసారీ అయిదు రకాల వెలుగులు తిరిగి, మధ్యలో టపటపా కొట్టుకునే మోడ్ వచ్చే టార్చీని పెద్దవాళ్లకు కొనివ్వకండి. మా పెద్దమ్మ ఒకసారి ఆ మెరుపులకు భయపడి టార్చిని బావిలోకి విసిరేసింది. ఒక ల్యూమెను, నూరు, ఎక్కువ, ఈ మూడు మెట్లుంటే చాలు. ఆ ఒక్క ల్యూమెను మెట్టు చిన్నచూపు చూడవలసింది కాదు. పక్కన పడుకున్నవాళ్లు లేవకుండా మంచినీళ్ల చెంబు వెతుక్కోవడానికి అది సరిగ్గా సరిపోతుంది, సెల్లు రోజుల తరబడి వస్తుంది.

ఇంటికి తెప్పించుకునేవాళ్లు పార్శిల్ వచ్చిన రాత్రే స్నానాలగది పరీక్ష, పది నిమిషాల పరీక్ష చేసేయండి. వాపసు గడువు వారమో పది రోజులో ఉంటుంది, ఇక్కడి కొండ ఊళ్లకు కొరియర్ మళ్లీ రావడానికే మూడు నాలుగు రోజులు పడుతుంది. అట్టపెట్టె పారేయకండి, దాని మీద రాసిన అంకెను ఫోటో తీసి పెట్టుకోండి. బజారులో కొనేవాళ్లు గోడను వదిలేసి పైకప్పుకు కొట్టమని అడగండి. మా దుకాణాయన మొదట వింతగా చూశాడు. ఇప్పుడు నేను లోపలికి అడుగుపెట్టగానే తనే పైకప్పుకు కొట్టి, "ఇప్పుడు చెప్పండి మాస్టారూ" అంటున్నాడు. మిగతావాళ్లకు మాత్రం ఇంకా గోడే చూపిస్తున్నాడు.